సిల్వర్ పెయింట్ గారికి, ములుగు రోడ్డు నుంచి

మహారాజశ్రీ సిల్వర్ పెయింట్ గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం, పడవ ట్రైలర్ తప్ప. నిన్న మధ్యాహ్నం ములుగు దాటినంక దాని అడ్డపట్టీ విరిగి, పడవ ముక్కు తారురోడ్డుకు రాసుకున్నప్పుడు తమరి అసలు రూపం కంటబడింది. మీ కింద ఇనుము లేదు, ఇటుకపొడి ఉంది. పెచ్చుగా ఊడి చేతికొచ్చిన తమరు మాత్రం నిగనిగలాడుతూనే ఉన్నారు. సంతోషం.

పాతది తుక్కుకు పోయింది గనుక ఇంకోటి కొనక తప్పదు. వరంగల్‌లో చూసినా, కరీంనగర్ దాకా పోయినా, షెడ్డు ముందర నిలబడి స్వాగతం పలికేది మీరే. "జింకు కోటింగన్నా, పదేండ్లు చూస్కునే పనే లేదు" అని మీ తరఫున ఒకరు వకాల్తా పుచ్చుకుంటారు. అందుకే ఈ మాటలేవో ముందే అనుకుంటే ఇద్దరికీ మర్యాద.

తమరు జింకు కారు. వార్నిషులో కలిపిన అల్యూమినియం పొడి. అసలు జింకు పూత వేసే పద్ధతే వేరు. వెల్డింగు మొత్తం అయిపోయినాక ఫ్రేమును సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకు తొట్టిలో ముంచుతారు. అది పైపు లోపలా బయటా పట్టుకుంటుంది. తర్వాత ఎక్కడైనా చిన్న గీత పడ్డా, పక్కనున్న జింకు ముందు తాను అరిగిపోయి ఇనుమును కాస్తుంది. గీత పడితే మీరేం చేస్తారు? పక్కకు తప్పుకొని తుప్పుకు దారి ఇస్తారు.

మీ కిటుకంతా బాక్సు పైపులో ఉంది. చెరువులోకి దించిన ప్రతిసారీ అతుకుల సందుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి. బయటికి రావడానికి తూము లేదు. చెరువుకైనా మత్తడి పెట్టిన నేల ఇది, పైపుకు అడుగున ఒక్క రంధ్రం పెట్టడానికి చేతులు రావు! తుప్పు లోపలి నుంచి తినుకుంటూ వస్తుంది, తమరు బయట పెండ్లిపందిట్లో కూర్చున్నట్టు కూర్చుంటారు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

కాబట్టి ఈసారి మిమ్మల్ని పలకరించే తీరు మారుతుంది. ముందు ఫోను టార్చి. పైపు కొసలోకి వేసి చూస్తే లోపల బూడిదరంగు ఉండాలి, గోధుమరంగు కనబడితే తమరే. అట్లా కరిగిన జింకులో ముంచిన (హాట్ డిప్) ఫ్రేముకు రంధ్రాలు తప్పకుండా ఉంటాయి, అవి లేకుండా మూసిన పైపును కాగే జింకులో ముంచితే లోపలి తడికి పేలుతుంది. తర్వాత చిన్న సుత్తి: ఖణేల్మంటే సరే, మొద్దుగా మోగితే నమస్కారం. చివరికి స్క్రూడ్రైవర్. పొడవాల్సింది కమాన్లు (చక్రాల మీది స్ప్రింగు పట్టీలు) కూర్చునే చోట, పడవను పైకి లాగే వించ్ స్తంభం మొదట్లో, ఇంకా పడవ ఆనే చెక్క దిమ్మెల కింద. ఆ చెక్కకు చుట్టిన కార్పెట్ వారాల తరబడి తడి పట్టుకొని ఉంటుంది, నిన్న విరిగిన పట్టీ ఉన్నది సరిగ్గా దాని కిందనే. పైపుకన్నా తెరిచి ఉన్న సి-ఛానెల్ మేలు. దాచడానికి దానికి లోపల అనేదే లేదు.

మిగతా వాటితో పెద్ద పంచాయితీ లేదు. పడవ బరువొక్కటే చెప్పి ట్రైలర్ అమ్మే పెద్దమనుషులకు ఒక లెక్క: పడవ 250 కిలోలు, ఇంజను 50, 25 లీటర్ల పెట్రోలు దగ్గర దగ్గర 19, బ్యాటరీ, లంగరు, తాళ్లు, జాకెట్లు ఇంకో 60. ట్రైలర్ సొంత బరువు 200 కలిపితే దగ్గర దగ్గర 580 అయింది. 600 కిలోలు మోసే యాక్సిల్ (ఇరుసు) పెట్టి "ఏం గాదు" అంటే అయ్యేది ములుగు రోడ్డు మీదనే, 750 కావాలి. ఆ మొత్తం బరువులో లాగే బండి హుక్కు మీద పడాల్సింది నూటికి అయిదు నుంచి పది కిలోలు. వడ్ల కాంటా మీద ముక్కు పెట్టి తూచొచ్చు. తక్కువైతే తోక ఊగుతుంది. ఇంకోటి, బండి హుక్కుకున్న 50 మిల్లీమీటర్ల బంతికి ట్రైలర్ ముక్కున ఉండే రెండంగుళాల కప్పు తొడిగి "సెట్టయింది" అనకండి, సెట్టవలేదు.

టైరు మీద నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరివి సంవత్సరం. ఎంత కొత్తగా కనబడ్డా ఆరేండ్లు దాటితే వద్దు. ట్రైలర్‌ను నీళ్లలోకి దించేముందు లైటు ప్లగ్గు పీకాలి. చక్రాల బేరింగు 30206 లాంటి, హన్మకొండలో ఏ షాపులోనైనా దొరికే నెంబరు అయి ఉండాలి. రోడ్డు మీద కాగిన హబ్బును (ఆ బేరింగు కూర్చునే చక్రం నడిబొడ్డును) వెంటనే చెరువులో ముంచితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు సందులోంచి నీళ్లు పీలుస్తుంది, గ్రీజు మజ్జిగవుతుంది. చెయ్యి పెడితే కాలకుండా అయ్యేదాకా గట్టు మీద ఆగాలె. ఇది చెప్తే వినేటోళ్లు లేరు, సరే.

కానీ నిన్ను మాత్రం వదల. మర్యాద అయిపోయింది. ఫ్రేముకు పూసుకున్నవు, ఏమన్లే. కమాన్ పట్టీల నడుమకు ఎందుకు పోయినవ్? అవి ఒకదాని మీద ఒకటి జారాలె గదా! గ్రీజు ఎక్కించే నిపుల్స్ మూతి మూసినవ్, గ్రీజు గన్ను పెడితే పక్కనుంచే కారుతున్నది. మోసే బరువు చెక్కిన పలక మీద పూసినవ్. వెల్డింగు పగులు మీద రెండు కోట్లేసి కప్పినవ్. టైరు గోడకు కూడా అంటినవ్, సిగ్గులేదా నీకు?

ఇంటి గేటుంది, దసరాకు ముందర రమ్మంటే రా. అక్కడ నీకు ఎదురులేదు. చెరువు దిక్కు మాత్రం కనబడకు.

ఇట్లు,
సుత్తి, స్క్రూడ్రైవర్, టార్చి పట్టుకొని షెడ్డు ముందర నిలబడ్డోళ్లు