నచ్చజెప్పారు సరే, ఎవరికి నచ్చింది?

‘అధికారులు నచ్చజెప్పడంతో ఆందోళన విరమించారు.’ విశాఖ వార్తల్లో ఈ వాక్యం తరచూ కనిపిస్తుంది. తోపుడు బండ్లు తీయించినా, కొండవాలు ఇళ్లకు నోటీసులు అంటించినా, ఫ్యాక్టరీ గేటు ముందు కాంట్రాక్టు కార్మికులు బైఠాయించినా, వార్త చివరికి అక్కడే ఆగుతుంది. ఏం చెప్పారో ఉండదు. విన్నవాళ్లు ఏమన్నారో అసలే ఉండదు.

ఒకసారి అలాంటి వార్త చదివిన మర్నాడే మా వీధి చివర కూరగాయలమ్మే ఆవిడను అడిగాను, మీకు నచ్చజెప్పారట కదమ్మా అని. ‘ఏటి నచ్చజెప్పడం బాబూ, కాటా పట్టుకుపోనారు’ అంది. అప్పటి నుంచి ఆ మాట ఎక్కడ కనబడినా నా చూపు ఆగిపోతోంది.

ఆ మాట కూర్పులోనే దాని న్యాయం ఉంది. ‘నాకు నచ్చింది’ అంటాం గానీ ‘నేను నచ్చాను’ అని ఆ అర్థంలో అనం. చెప్పడం చెప్పేవాడి పని. నచ్చడం మాత్రం వినేవాడి మనసులో జరగాలి, బయటివాళ్లు జరిపించలేరు. ఆ రెండూ కలిసి ‘నచ్చజెప్పు’ అయింది. పాత పుస్తకాల్లో మధ్యన అరసున్న కూడా ఉండేది. వినేవాడు తనంతట తాను తల ఊపేదాకా ఈ క్రియ పూర్తి కాదు.

దీని చుట్టాలకు ఈ గుణం లేదు. బతిమాలితే మనం దిగిపోతాం. బుజ్జగిస్తే ఎదుటివాణ్ణి పసివాణ్ణి చేస్తాం. టికెట్ రాక అలిగిన నాయకుల విషయంలో ‘బుజ్జగింపులు’ అని రాయడం అందుకే అతికినట్టుంటుంది. ‘ఒప్పించడం’లో ఫలితమే ముఖ్యం, దారి ఏదైనా ఫర్వాలేదు. నయానో భయానో ఒప్పించారంటాం. భయాన నచ్చజెప్పారని మాత్రం ఎవరూ అనరు. భయపెట్టి లేపేసిన చోట ఈ మాట రాస్తే అది అబద్ధం. ఈమధ్య ‘కౌన్సెలింగ్ ఇచ్చారు’ అనే మాట వచ్చింది, స్టేషన్‌లో నిలబెట్టి మందలించినా అదే రాస్తున్నారు.

నిజమైన నచ్చజెప్పడం ఎలా ఉంటుందో తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు జాలరిపేటల్లో చూడొచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ నగరం మీదే తీరం దాటింది. అలాంటి రోజున ఇల్లు వదలమంటే మత్స్యకారుడు మొండికేస్తున్నాడని మనకు అనిపిస్తుంది. అతని ప్రశ్నలు వేరు: బోటు ఎక్కడ కట్టాలి? వలలు, ఇంజను ఎవరు చూస్తారు? షెల్టర్‌లో ఆడవాళ్లకు బాత్‌రూమ్ ఉందా? ‘ప్రాణాలు ముఖ్యం’ అని మైకులో వందసార్లు చెప్పినా వీటికి జవాబు దొరకదు. ఊరి పెద్ద ఇంటింటికీ వెళ్లి, ఒక్కో ప్రశ్నకూ జవాబు చెప్పి, ముందు తన ఇంటివాళ్లను బస్సెక్కిస్తే మిగతావాళ్లూ కదులుతారు. దానికి టైమ్ పడుతుంది. ‘రాను’ అన్నవాడి మాట పూర్తిగా వినే ఓపిక కావాలి.

ఈ ఊరికి ఇంకో పాత లెక్క ఉంది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా ఉద్యమించింది. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. భూములిచ్చిన ఊళ్లవాళ్లకు దొరికిన భరోసా ఉద్యోగం. దాని గుర్తుగా ఆర్-కార్డు, అంటే నిర్వాసితుల పునరావాస కార్డు, చేతికొచ్చింది. ఉద్యోగం మాత్రం అందరికీ రాలేదు. అప్పుడు వాళ్లకు నచ్చజెప్పారని రాస్తే నేను ఒప్పుకోను, ఎందుకంటే వాళ్లు తల ఊపింది ఒక షరతు మీద. 2021 జనవరిలో ఆ ఫ్యాక్టరీ నుంచి కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణ నిర్ణయం వెలువడ్డాక కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కార్మికులు, నిర్వాసితులు గొంతెత్తింది ఆ షరతు గురించే: ఏ మాట నమ్మి భూమి ఇచ్చామో, ఆ మాట ఏమైంది?