ఆ ఫొటో మారుతీ సినిమా హాలుది కాదు

"బెజవాడ పాత సినిమా హాళ్ల ఫొటోలు ఇక దొరకవు, వెతకడం దండగ" అంటూ మొదలయ్యే మెసేజ్ ఒకటి కొన్నాళ్లుగా స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో, చుట్టాల గ్రూపులో, కాలనీ గ్రూపులో తిరుగుతూనే ఉంది. పాత థియేటర్ల ఫొటోలు పోగేస్తుంటానని తెలిసినవాళ్లు ప్రత్యేకంగా నాకూ పంపుతున్నారు. కావలసినవాళ్లే కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఇక నా వల్ల కాదు.

మెసేజ్‌లో చెప్పేది ఇదీ: అప్పట్లో థియేటర్లను ఎవరూ ఫొటో తీయలేదు. తీసినవన్నీ నెట్‌లో ఉన్నాయి. గోడ మీద పోస్టర్ చూస్తే ఫొటో ఏ ఏడాదిదో తెలిసిపోతుంది. పాత ఫొటోకి తీసినవాళ్ల పేరు వేయనక్కర్లేదు. ఫొటో దొరకని హాలుకి ఏఐతో ఒకటి చేయించుకుంటే "అసలుదానితో సమానం". కింద నమూనా ఫొటోలు. అందులో మొదటిది "1921 మారుతీ టాకీస్ ప్రారంభోత్సవం".

నెట్ సంగతి ముందు. నెట్‌లో ఉన్న ప్రతి పాత ఫొటో ఎవరో ఒకరు ఇంట్లోంచి తీసి పెడితేనే అక్కడికి చేరింది. అలా బయటికి తీయనివి ఇంకా బీరువాల్లోనే ఉన్నాయి.

పేరు విషయం. మన చట్టం ప్రకారం ఫొటోకి, తీసినవాళ్లు బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. 1975లో పత్రికలో వచ్చిన ఫొటో ఈరోజుకీ ఎవరిదో ఒకరిదే. చట్టం మాట అటుంచినా, తీసిన స్టూడియో పేరు తెలిస్తే అదే రోజు తీసిన మిగతా నెగెటివ్‌ల కోసం అడగొచ్చు. పేరు కత్తిరించి ఫార్వర్డ్ చేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇక ఎవరూ తీయలేదన్న మాట. "మీ దగ్గర పాత థియేటర్ ఫొటో ఉందా?" అని అడిగితే అందరూ లేదనే అంటారు. "ఏ హీరో కటౌట్ ముందైనా ఫ్రెండ్స్‌తో ఫొటో దిగారా?" అని అడిగి చూడండి, ఆల్బమ్ బయటికొస్తుంది. దండ వేసిన కటౌట్, ముందు నలుగురు కుర్రాళ్లు, వాళ్ల వెనక సగం తెగిన బోర్డు, బుకింగ్ కిటికీ. మనకు కావలసింది ఆ వెనక ఉన్నదే. వందరోజుల వేడుకల ఫొటోలు చాలా ఇళ్లలో ఉన్నాయి. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికలున్నాయి. వాటిలో వందరోజుల ప్రకటనలు చూస్తే ఏ సినిమా ఏ ఊళ్లో ఏ హాల్లో ఆడిందో దొరుకుతుంది. పాత సంచికల్లో వెతికేటప్పుడు విజయవాడతో ఆగకుండా "బెజవాడ" అని కూడా వెతకాలి. ఒక్కటి మాత్రం నిజమే: హాలు లోపలి ఫొటోలు బాగా తక్కువ. చీకట్లో ఫ్లాష్ పెట్టి తీసే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

పోస్టర్ విషయం సగం నిజం. పోస్టర్‌ని బట్టి ఫొటో ఆ సినిమా కంటే ముందుది కాదని చెప్పొచ్చు, అంతే. మన దగ్గర పాత సినిమాలు మార్నింగ్ షోలుగా ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఆడాయి. ఈ మెసేజ్‌లోనే మాయాబజార్ పోస్టర్ ఉన్న ఫొటో కింద "1957" అని రాశారు. ఫొటోలో గేటు పక్కన ఆపిన స్కూటర్ నంబరు ఏపీ 16తో మొదలవుతోంది. జిల్లా నంబర్ల పద్ధతి వచ్చింది 1989లో. జూమ్ చేసి చూడటానికి పది సెకన్లు పట్టదు. ఇంతమంది ఫార్వర్డ్ చేశారు, ఒక్కరూ చూడలేదా?

అసలు కోపం చివరి మాట మీద, ఏఐతో చేయించింది అసలుదానితో సమానమట! మారుతీ ఫొటో అలా చేయించిందే. పోతిన శ్రీనివాసరావు బెజవాడలో మారుతీ సినిమా కట్టింది 1921లో. అప్పటికి ఉన్నవి మూకీలే. తెలుగు టాకీ వచ్చింది 1932లో. ప్రారంభోత్సవం రోజున అది "టాకీస్" ఎలా అవుతుంది? సరే, పేరు తర్వాత అలవాటై రాశారనుకుందాం. ఆ ఫొటోలో బోర్డు చదవండి. దూరం నుంచి తెలుగులా ఉంటుంది. పెద్దది చేస్తే తలకట్టు ఒక చోట, అక్షరం ఇంకో చోట, ఏ హల్లుకీ చెందని వత్తు కింద వేలాడుతూ ఉంటుంది. ఒక్క మాట కూడా చదవలేం. ముందు ఒకే ఒక్క అద్దాల కౌంటర్, దాని ముందు ఆడా మగా కలిసి ఒకే లైన్. మన పాత హాళ్లు తెలిసినవాళ్లెవరైనా దీన్ని నమ్ముతారా? నేల, బెంచీ, కుర్చీ, దేని కిటికీ దానిదే. నేల టికెట్‌కి పక్క సందులో ఇనుప చువ్వల మధ్య మనిషి పట్టీ పట్టని క్యూ. ఆడవాళ్లకి వేరే లైన్. ఎవరు ఏ వాకిట్లోంచి లోపలికి వెళ్లేవాళ్లో పాత ఫొటో చెబుతుంది. కంప్యూటర్ గీసిన బొమ్మ దాన్ని తుడిచేసి అందరినీ ముందు గుమ్మంలోంచే పంపించింది.

రేపు ఎవరింట్లోనైనా అసలు ఫొటో బయటపడితే ఏమవుతుంది? "ఇది మారుతీ కాదండీ, మారుతీ ఇలా ఉండదు" అని మనవాళ్లే కొట్టిపారేస్తారు. 1929 నాటి దుర్గా కళామందిరానికీ ఇలాగే ఒకటి చేసి పెట్టారు. ఎవరైనా ఊరి చరిత్ర రాస్తూ దాన్నే పుస్తకంలో వేస్తే బాధ్యత ఎవరిది? ఊహించి బొమ్మ వేయాలనే ఉంటే వేయండి. లైసెన్స్ కోసం ఇచ్చిన బిల్డింగ్ ప్లాన్ దొరికితే దాన్నిబట్టి వేయండి. కింద "ఊహాచిత్రం" అని పెద్దక్షరాల్లో రాయండి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ దొంగ ఫొటోల వల్లే మా పెదనాన్న నోరు విప్పారు. అంతకుముందు ఎప్పుడడిగినా "ఏముందిరా అందులో" అనేవారు. వీటిని చూడగానే చిరాకుపడి, తను చిన్నప్పుడు వెళ్లిన హాల్లో సోడాలమ్మే చోటు, సైకిల్ స్టాండు, నేల క్లాసు గుమ్మం కాగితం మీద గీసి చూపించారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకీ చూపించండి, కానీ ఇది అబద్ధమని ముందే చెప్పి, ఎక్కడెక్కడ తప్పో అడిగి రాసుకోండి.

ఆల్బమ్‌లో ఫొటో దొరికితే అంచులు కత్తిరించకండి, రంగులు వేయకండి. వెనకవైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, తారీఖు, పెన్సిల్‌తో రాసిన పేర్లు ఉండేది అక్కడే.