తుంగభద్ర వదిలేసిన క్యారియర్

దసరా సెలవుల్లో ఎక్కడికన్నా పోదామని మా ఇంట్లో మాట పుట్టినప్పుడు నేను పేపర్ చదువుతున్నాను. అప్పుడు పేపర్ పక్కన పెట్టకపోవడం నా తప్పు. నేను క్రికెట్ స్కోరు చూసి తల ఊపితే, అది ప్రయాణానికి ఒప్పుకున్నట్టని మా ఆవిడ లెక్క వేసుకుంది.

ఇక ఎక్కడికి అన్నదే మిగిలింది. ఖర్చు ఉండదని నేను కొండారెడ్డి బురుజు అన్నాను. పిల్లలిద్దరూ నా వైపు జాలిగా చూశారు. రోజూ స్కూలు ఆటోలో దాని పక్క నుంచే పోతారు వాళ్ళు. బావమరిది ఓర్వకల్లు రాక్ గార్డెన్ అన్నాడు. "రాళ్ళు చూసేదానికి అంత దూరం పోవల్లనా? కర్నూల్లో రాళ్ళకేం కరువు?" అంది మా అత్త. మా మామ రోళ్ళపాడుకు పోయి బట్టమేక పిట్టను చూద్దామన్నాడు.

"పిట్ట కనపడుతుందా తాతా?" అని అడిగింది నా కూతురు.

ఆయన కాసేపు ఆలోచించి, "కనపడదు గానీ, గాలి బాగుంటుంది" అన్నాడు.

విజయదశమి రాత్రి దేవరగట్టు బన్నీ ఉత్సవానికి పోదామని బావమరిది మళ్ళీ నోరు తెరిచాడు. "పిల్లలతో పోయే చోటు చెప్పరా అంటే అర్ధరాత్రి కర్రలతో తలలు పగిలే చోటు చెప్తావా!" అని మా ఆవిడ వాణ్ణి అక్కడితో ఆపింది. చివరికి అత్త కోసం యాగంటి, పిల్లల కోసం బెలుం గుహలు అని తేలింది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ రెండూ నంద్యాల జిల్లాలోకి పోయాయి. మా అత్త ఆ విభజనను ఇంకా ఒప్పుకోలేదు. "మన జిల్లాలోదే కదా, పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేస్తాం" అంది.

ఆమె అలా అనగానే వంటింట్లో అటక మీద నుంచి క్యారియర్ దిగింది.

ఆ క్యారియర్ గురించి కొంచెం చెప్పాలి. ఐదు గిన్నెల స్టీలు క్యారియర్ అది. అత్త పెళ్ళికి వాళ్ళ అమ్మ ఇచ్చింది. పై గిన్నె మీద అత్త పేరు, మామ ఇంటిపేరు, పెళ్ళి తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటాయి. చెక్కినవాడు చివర్లో చోటు చాలక సంవత్సరాన్ని గిన్నె అంచు మీదికి ఎక్కించాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు అత్తవాళ్ళ ఇంట్లో నీళ్ళు ఫ్యాను రెక్కల్ని అందుకున్నాయి. బీరువా ఉబ్బిపోయింది, మిక్సీ పోయింది, మామ పెళ్ళి సూటు ఎవరింటికి పోయిందో ఇప్పటికీ తెలీదు. నీళ్ళు తీసి, బురద ఎత్తిపోసుకుంటుంటే రెండు వీధుల అవతల నుంచి ఒకాయన ఈ క్యారియర్ పట్టుకుని వచ్చాడు. వాళ్ళ మెట్ల కింద ఇరుక్కుని కనపడిందట. మీద పేరు చదివి, ఇల్లు అడుక్కుంటూ వచ్చాడు. మధ్య గిన్నెకు ఒక సొట్ట, అంతే నష్టం. ఆ సొట్ట తీయించనివ్వదు మా అత్త. నదిని గెలిచిన మచ్చ అది.

అప్పటి నుంచి మా మామకు అక్టోబరు నెల మీద నమ్మకం లేదు. ఆశ్వయుజంలో ఆకాశం ఎంత తేటగా ఉన్నా గొడుగు లేనిదే గడప దాటడు.

బండి మా బావమరిది స్నేహితుడిది. తెల్లది, ఏడు సీట్లది. ఈ రెండు గుర్తులే నాకు తెలుసు. బండి నంబరు నేను చూడలేదు. చూసి ఉంటే ఈ కథ లేదు.

తెల్లవారకముందే క్యారియర్ నిండింది. అడుగు గిన్నెలో నిమ్మకాయ చిత్రాన్నం, ఆపైన పెరుగన్నం, సొట్ట గిన్నెలో గుత్తి వంకాయ, నాలుగో దాంట్లో జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, అన్నింటికన్నా పైన భక్ష్యాలు. భక్ష్యాలు ఇరవై. అత్త నా ముందరే లెక్కపెట్టింది, ఎందుకో తెలీదు.

బనగానపల్లెలో ఆగి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. అక్కడ నా కొడుకు బంగినపల్లి మామిడి పండు కావాలని కూర్చున్నాడు. అక్టోబరులో మామిడి ఉండదని వాడికి చెప్పడం మాకెవరికీ చేతకాలేదు. "ఊరి పేరు అదే కదా, ఊరంతా ఉంటాయి కదా" అన్నది వాడి వాదన. వాడి మాట తప్పని చెప్పడానికి నాకు ఇప్పటికీ కారణం దొరకలేదు.

యాగంటిలో బండ్లు ఆపే చోట దసరా రద్దీ బాగానే ఉంది. అన్నీ తెల్ల బండ్లే. ఈ ఎండల ఊళ్ళలో ఇంకో రంగు బండి కొనేవాడు ధైర్యవంతుడు. కొబ్బరికాయల సంచి డిక్కీలో అట్టడుగున పెట్టిన సంగతి అత్తకు అక్కడ గుర్తొచ్చింది. నేను చాప తీశాను, నీళ్ళ క్యాను తీశాను, క్యారియర్ తీశాను, గొడుగు తీశాను. సంచి చేతికి దొరికింది. అందరూ గుడి వైపు నడిచారు. నేను అన్నీ తిరిగి సర్దాను. పక్కన ఇంకో తెల్ల బండి కూడా డిక్కీ తెరుచుకుని ఉంది. దాని మనిషి అటు తిరిగి ఫోన్ మాట్లాడుతున్నాడు. ఇవన్నీ తర్వాత గుర్తొచ్చిన విషయాలు. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఒక్కటే, చెప్పులు ఎక్కడ విడవాలా అని.

దర్శనం బాగా జరిగింది. ఏటేటా పెరుగుతున్నాడనే బసవన్న చుట్టూ తిరిగాం. అగస్త్యుడి శాపం వల్ల ఇక్కడికి కాకులు రావని మామ పిల్లలకు చెప్పాడు. నా కూతురు ఆకాశమంతా వెతికి, నిజమేనంది. కాకి కూడా లేని చోటు నుంచి మా అన్నం ఎగిరిపోయిందని అప్పటికి మాకు తెలీదు.

బెలుం చేరేసరికి పదకొండు దాటింది. ముందు గుహ, తర్వాత భోజనం అన్నాడు బావమరిది. వాడు రాత్రంతా ఫోన్లో చదువుకుని వచ్చాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే దొర ఈ గుహల గురించి రాశాడని, 1982, 83లో గెబావర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి కొలిచాడని, మొత్తం పొడవు 3229 మీటర్లని, మనల్ని పోనిచ్చేది అందులో కిలోమీటరున్నర దాకానే అని మెట్లు దిగుతూ చెప్పుకుంటూ పోయాడు. మా అత్తకు ఒక్కటే అనుమానం. "ఇంత లోపలికి పోయి, మళ్ళా ఇంత దూరం పైకి నడవల్లనా?"

లోపల ఉక్కపోత గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. గొట్టాలతో గాలి పంపిస్తున్నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. బయట శరత్కాలం, లోపల మే నెల. సప్తస్వరాల గుహలో రాయిని వేలితో తడితే సంగీతం వస్తుందన్నారు. మామ మెల్లగా తట్టి, చెవి పెట్టి విని, "ఇది మూత తీసిన చప్పుడు మాదిరి ఉంది" అన్నాడు. ఆయనకు ఆకలి మొదలైందని అందరికీ అర్థమైంది. పాతాళగంగ దగ్గరికి దిగాం. నీళ్ళు అక్కడ సన్నగా పారి, రాతి కిందికి పోయి మాయమవుతాయి. దూరంగా బెలుం ఊరి బావిలో తేలతాయని చెప్పుకుంటారు.

"పోయినవి యాడో ఒకచోట తేలక తప్పదులే" అంది అత్త. ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

పైకి వచ్చి, చెమట తుడుచుకుని, బండి డిక్కీ తెరిచాం. చాప ఉంది. నీళ్ళ క్యాను ఉంది. గొడుగు ఉంది. క్యారియర్ ఉండాల్సిన చోట స్టెప్నీ టైరు నల్లగా మా వైపు చూస్తోంది.

మా వైపు అత్త అల్లుణ్ణి ముఖం మీద ఏమీ అనదు. అదొక మర్యాద. ఆ మర్యాద వల్ల నష్టపోయేది మా మామ. "సర్దేటప్పుడు పక్కన ఉండి చూసుకోవల్ల కదా!" అని ఆయన మీద మొదలుపెట్టింది. "కొడుకని ఉన్నావు, కండ్లున్నాయి కదరా!" అని బావమరిది మీదికి పోయింది. కలియుగాంతంలో యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడంటారు. అది ఎలా ఉంటుందో మాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. "తుంగభద్ర కూడా తీసకపోలేక వదిలేసిన క్యారియర్! యేటికే దక్కనియ్యలేదు, మీరు నడిరోడ్డులో పోగొడితిరి!" నేను గొడుగును సర్దుతూ నిలబడ్డాను. గొడుగులో సర్దడానికి ఏమీ లేదు. మామ మధ్యలో ఒకసారి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది.

గేటు దగ్గర ఒకామె ఉడకబెట్టిన పచ్చి చెనిక్కాయలు అమ్ముతోంది. కొత్త పంట రోజులు, గింజలు తియ్యగా ఉన్నాయి. నాలుగు పొట్లాలు కొన్నాం. అవి ఒలుచుకుంటూ, ఎండకు బుద్ధుడి విగ్రహం వైపు నీడ వెతుక్కుంటూ నడుస్తున్నాం. మామ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

చెట్టు కింద ఒక కుటుంబం చాప పరుచుకుని కూర్చుంది. పెద్దామె ఒకామె, మొగుడు, ఇద్దరు కోడళ్ళు, పిల్లలు. మధ్యలో ఐదు గిన్నెలు. మూడో గిన్నెకు సొట్ట.

"అదో" అన్నాడు మామ, గుడిలో హారతి చూసినట్టు.

అత్త నేరుగా వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది. ఏమంటుందోనని మాకందరికీ టెన్షన్. "అది నా క్యారియర్" అంది. ఇంకేమీ అనలేదు. ఆ పెద్దామె చేతిలో భక్ష్యం ముక్క అలాగే ఆగిపోయింది. పై గిన్నె తిప్పి పేరు చదివింది. "నీ పేరేంది అక్కా?" అని అడిగింది. అత్త చెప్పింది. ఆమె నాలుక కరుచుకుంది.

వాళ్ళది అనంతపురం. పండగకు నంద్యాలలో ఆడబిడ్డ ఇంటికి వచ్చి, యాగంటి, బెలుం చూసుకుని తిరిగి పోతున్నారట. నీళ్ళ సీసా కోసం డిక్కీ తెరిస్తే క్యారియర్ కనపడింది. "మా ఆడబిడ్డ పెట్టిందనుకున్యాం అక్కా. ఆమె జన్మలో ఎవురికీ ఇంత కట్టి పంపిందిల్యా. ఇన్నాళ్ళకు మనసు మారింది గదా అని మా ఆయనకు కండ్లల్లో నీళ్ళొచ్చినాయి."

మొగుడాయన తల దించుకున్నాడు. వాళ్ళ ఆవిడ మాట నిజమేనని ఆయన మీసాలకు అంటిన బెల్లం చెప్తోంది.

"పేరు చూడలేదా మరి?" అన్నాడు మామ మెల్లగా.

"ఆకలన్నా" అన్నాడాయన. అంతకన్నా నిజాయితీ గల జవాబు నేనెక్కడా వినలేదు.

అక్కడితో అయిపోయేది. అత్త ముఖం కూడా మెత్తబడుతోంది. తిన్నవాళ్ళు మెచ్చుకుంటే ఆమెకు సగం కోపం పోతుంది. అప్పుడు చిన్న కోడలు నోరు జారింది. "మేము ఫోన్ చేసి చెప్పినాము కూడా అత్తా, భక్ష్యాలు శానా బాగుండాయని."

"ఎవరికి?" అంది మా అత్త.

"మా ఆడబిడ్డకే" అంది పెద్దామె, గొంతు తగ్గించి.

"ఆమె నేను పెట్టలేదని చెప్పలేదా?"

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి పెద్దామె చెప్పింది. "లేదక్కా. హడావుడిలో చేసినా, నెయ్యి రవ్వంత తక్కువ పడింది, ఏమనుకోవాకండి అనింది."

చెట్టు మీద పిట్టలు కూడా ఆగిపోయాయేమో. క్యారియర్ పోయినప్పుడు కూడా మా అత్త ముఖం ఇంత ఎర్రబడలేదు. ఇరవై భక్ష్యాలు, తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, పూర్ణం రుబ్బి, పెనం మీద ఒక్కొక్కటీ రెండు వైపులా నెయ్యి వేసి కాల్చినవి. నంద్యాలలో మంచం మీద కూర్చున్న మనిషి ఒకామె వాటిని తనవి చేసుకుంది. సరే, చేసుకోనీ. నెయ్యి తక్కువైందని కూడా అంటుందా?

"నెయ్యి తక్కువా?" అంది అత్త. "నెయ్యి తక్కువనా?" అంది మళ్ళీ. పెద్దామె చటుక్కున లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "యాడ తక్కువక్కా, చేతులు చూడు" అని రెండు అరచేతులూ చూపించింది. అవి ఎండలో మెరుస్తున్నాయి.

ఆ మెరుపుతో మా అత్త చల్లబడింది. తర్వాత పది నిమిషాల్లో రెండు చాపలూ కలిసిపోయాయి. మిగిలిన చిత్రాన్నం, వాళ్ళు తెచ్చుకున్న పులిహోర, మా చెనిక్కాయలు, అందరూ పంచుకున్నాం. మిగిలిన భక్ష్యాలు మూడు. పిల్లలకు చెరి ఒకటి ఇచ్చాక మూడోదాన్ని అత్త తీసి మామకిచ్చింది. నా వైపు చూడలేదు. పొద్దున నా ముందర లెక్కపెట్టడంలో అర్థం ఇదేనేమో.

ఆడబిడ్డల గురించి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ వివరాలు ఇక్కడ రాస్తే మా ఇంట్లో నాకు అన్నం పుట్టదు. వెళ్ళేటప్పుడు ఆమె గిన్నెలన్నీ కొళాయి దగ్గర తోమించి, ఖాళీ గిన్నె పంపకూడదని అన్నింట్లోనూ ఏదో ఒకటి పెట్టింది. చెనిక్కాయలు, రెండు అరటిపండ్లు, యాగంటి ప్రసాదం. ఫోన్ నంబర్లు రాసుకున్నారు. తిరుగు ప్రయాణంలో క్యారియర్ డిక్కీలోకి పోలేదు. కర్నూలు దాకా అత్త ఒళ్ళోనే కూర్చుంది. మామ గొడుగును పట్టుకున్నాడు. చుక్క వాన రాలేదు.

దీపావళికి నాలుగు రోజుల ముందు అనంతపురం నుంచి ఫోన్ వచ్చింది. అత్త స్పీకర్ పెట్టింది. వాళ్ళ ఆడబిడ్డకు అసలు సంగతి ఎవరూ చెప్పలేదట. ఈసారి పండగకు బంధువులందరూ ఆమె ఇంట్లోనే కలుస్తున్నారట, ఆ భక్ష్యాలే చెయ్యాలని పట్టుబట్టారట. దిక్కు తోచక ఆమె వదిన గారికే ఫోన్ చేసి, "నేను మొన్న ఎట్ల చేసినానో నాకే గుర్తు లేదు, నీకేమన్నా తెలుసునా" అని అడిగిందట.

అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. శనగపప్పు ఎంతసేపు ఉడకాలి, బెల్లం ఎప్పుడు కలపాలి, పిండి ఎంత మెత్తగా తడపాలి, యాలకులు ఎన్ని, పెనం ఎంత వేడి ఉండాలి, అన్నీ నిదానంగా చెప్పింది. ఆమె రాసుకుంది.

"నెయ్యి ఎంత వెయ్యాల అక్కా?"

"రవ్వంత తక్కువే ఉండనీ" అని ఫోన్ పెట్టేసింది.