మావయ్యగారికి సముద్రస్నానం

మా హాల్లో 200 లీటర్ల రీఫ్ ట్యాంకు ఉంది, అంటే పగడాలు (కోరల్సు) పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం. అందులో మష్రూమ్ కోరల్సు, ఒక లెదర్ కోరల్, రెండు క్లౌన్ చేపలు. ఇలాంటి మెత్తటి కోరల్సుకి ట్యాంకు నీళ్లు గంటకి పది నుంచి ఇరవై రెట్లు తిరిగితే చాలు. అంటే గంటకి 4,000 లీటర్లు తోసే పవర్‌హెడ్ (ట్యాంకులో నీళ్లు కదిలించే పంపు) సరిపోతుంది. షాపతను మాత్రం "వైజాగ్‌లో ఉండి ఆ మాత్రం అలలు లేకపోతే ఎలా సార్" అంటూ 8,000 లీటర్లది అంటగట్టాడు.

దాన్ని కిందకి పెడితే ఇసుక లేచింది. కోరల్ వైపు తిప్పితే అది ముడుచుకుపోయింది. చివరికి పై అంచు దగ్గర, మూతి కాస్త పైకెత్తి, ఎదుటి అద్దం వైపు పెట్టాను. పైన నీళ్లు కదిలితే ఆక్సిజన్ బాగా కలుస్తుంది. అంతా బాగానే ఉంది.

మే నెల. ట్యాంకు వేడెక్కకుండా మూత తీసి, చిన్న ఫ్యాను పెట్టాం. నీళ్లు ఆవిరై మట్టం దిగింది. ఇంతలో కరెంటు పోయింది. శ్రీకాకుళం నుంచి మావయ్యగారు వచ్చారు. గంజిపెట్టిన తెల్ల లాల్చీతో, ట్యాంకు పక్క సోఫాలో, పెసరట్టు ఉప్మా ప్లేటు పట్టుకుని కూర్చున్నారు.

కరెంటొచ్చింది.

పవర్‌హెడ్ మూతి సగం బయటే ఉందన్న సంగతి అప్పుడే తెలిసింది. నీళ్లు ఎదుటి అద్దం అంచు దాటి, విసనకర్రలా విచ్చుకుని, ముందు క్యాలెండర్ని, తర్వాత మావయ్యగారి బట్టతలని, అక్కణ్నుంచి మీసాన్ని తడిపాయి. ఆయన లేవలేదు. ముందు ప్లేటుని వీపు వెనక్కి దాచారు. అంత ఆపదలోనూ ఉప్మాని కాపాడిన నిబ్బరం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తర్వాత పెదవి నాకి, ఆలోచనలో పడ్డారు. సముద్రపు నీళ్లలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటుంది. ట్యాంకులోనూ అంతే కలుపుతాం. ఆవిరయ్యేది నీళ్లే గాని ఉప్పు కాదు కాబట్టి, ఆ వేళ ఇంకాస్త ఎక్కువే ఉండుంటుంది. ఈ విషయం ఆయనకి వివరించబోతున్నాను కూడా.

వంటింట్లోంచి మా ఆవిడ, "ఉప్పు సరిపోయిందా నాన్నా?" అంది.

"సరిపోయిందమ్మా," అన్నారు, కళ్లు మూసుకునే.

ట్యాంకు వెనక ప్లగ్గులన్నీ నల్లవే, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. మొదట లైటు ఆగింది. తర్వాత ఫిల్టరు ఆగింది. తర్వాత, ఎందుకో, టీవీ ఆగింది. ఈలోగా మావయ్యగారే లేచి వచ్చి, తడిచేత్తో ఏదీ ముట్టుకోకుండా, వీధిగుమ్మం దగ్గర మెయిన్ కట్టేయమని మా ఆవిడకి కేకేశారు.

షాపతనికి ఫోన్ చేశాను. "కంట్రోలర్ పెట్టుకుంటే స్పీడు తగ్గుతుంది సార్. అది విడిగా కొనుక్కోవాలి. ఆవిరైన నీళ్లు దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ కూడా ఉంది, చూపించమంటారా?"

అమ్మినప్పుడు వీటిలో ఒక్కటీ నోరు దాటి రాలేదు మహానుభావుడికి!

"ఏటి బాబూ, పావుగంట నడిస్తే ఆర్కే బీచి. ఉప్పునీళ్లకి డబ్బులెట్టారా?" అన్నారు మావయ్యగారు. నీళ్లు ఇంటివేనని, ఉప్పు మాత్రమే కొన్నానని చెప్పే ధైర్యం లేక, ఫోన్లో కంట్రోలర్ ధర అడిగాను.

మావయ్యగారు లాల్చీ పిండుకుంటూ, "ఆ కొట్టుకి నేనూ వస్తాను, పదండి," అన్నారు.