సవరణ: రెండున్నర నంబరు రీడు సంగతి

పెళ్లి బ్యాండ్లలో క్లారినెట్ ఊదడానికి కొత్తగా చేరేవాళ్లు 2.5 నంబరు రీడు (మౌత్‌పీస్‌కు, అంటే నోట్లో పెట్టుకుని ఊదే భాగానికి, బిగించే పల్చటి రెల్లు బద్ద) కొనుక్కోవాలని పోయిన పోస్టులో ఉంది. ఏ కంపెనీదని బరంపురం, పర్లాకిమిడి వాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఆ మాటను ఇలా సవరించుకుని చదవండి.

నంబరు అంటే మందం కాదు. ఒకే ఆకారంలో కోసిన రీడ్లను వంచి చూసి, ఎంత బిరుసుగా ఉంటే అంత పెద్ద నంబరు వేస్తారు. కంపెనీకో లెక్క. క్లారినెట్‌కు వాండోరెన్ నీలం డబ్బాలోని 2.5, రికో నారింజ డబ్బాలోని 2.5 కంటే గట్టిది. రికో 2.5 అలవాటైనవాళ్లు వాండోరెన్‌కు మారితే 2తో మొదలుపెట్టడం మేలు. మౌత్‌పీస్ కొనకూ రీడుకూ మధ్య సందు ఎక్కువుంటే ఇంకాస్త మెత్తనిది చూసుకోండి. ఊరేగింపులో గంటలకొద్దీ నడుస్తూ ఊదేవాళ్లకు గట్టి రీడంటే పెదవి పుండే (పంతానికి పోయి 3 కొనేవాళ్లూ ఉన్నారు, వాళ్లిష్టం).

ఆల్టో శాక్సోఫోన్ రీడు వెడల్పు, మామూలు క్లారినెట్‌కు కూర్చోదు. అంచులు గీకి సర్దే పని పెట్టుకోకండి. రీడు ఎండి కొన అలలు తేలితే కాసేపు నీళ్లలో నాననివ్వండి, చదునవుతుంది. కొన చిట్లినదాన్ని మాత్రం పారేయండి.