ధాన్యం ఇక్కడ, లెక్క జెనీవాలో

వరి కోతల కాలంలో తెలంగాణలోని ఏ ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లినా రైతు కళ్లు తేమ కొలిచే యంత్రం మీదే ఉంటాయి. 17 శాతం దాటితే మళ్లీ ఆరబోయాలి. మబ్బు పడితే టార్పాలిన్ల కోసం పరుగు. ఆ కుప్పకు ప్రభుత్వమిచ్చే మద్దతు ధర సక్రమమా కాదా అని తేల్చే సూత్రం మాత్రం అతను పేరైనా వినని చోట తయారైంది.

జెనీవా కేంద్రంగా ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టుకకు దారితీసిన ఉరుగ్వే వాణిజ్య చర్చల్లో వ్యవసాయం దగ్గర పడ్డ పీటముడిని 1992 నవంబరులో అమెరికా, యూరోపియన్ కమ్యూనిటీ వాషింగ్టన్‌లోని బ్లెయిర్ హౌస్‌లో కూర్చుని సడలించుకున్నాయి. 1994లో మిగతా దేశాలు మొరాకోలోని మర్రకేష్‌లో సంతకాలు పెట్టాయి. అప్పటికే భారీగా సబ్సిడీలిస్తున్న దేశాలకు కొంత తగ్గించి మిగిలింది కొనసాగించే హక్కు దక్కింది. అంత స్తోమత లేని మనలాంటి దేశాలకు పంట విలువలో 10 శాతం దగ్గర గీత గీశారు. కడుపు నిండిన వాడికే మారు వడ్డన అన్నమాట.

అసలు మెలిక ఇంకోటి. నేటి మద్దతు ధరను 1986-88 నాటి అంతర్జాతీయ ధరతో పోల్చి, ఆ తేడానంతా సబ్సిడీ ఖాతాలో వేస్తారు. ఎరువు, డీజిల్, కూలి ఎంత పెరిగాయో ఆ లెక్కకు పట్టదు. 2018-19లో బియ్యం విలువ 4,367 కోట్ల డాలర్లు, ఇచ్చిన మద్దతు 500 కోట్ల డాలర్లు అని భారత్ ఆ సంస్థకు తెలియజేసింది. గీత దాటింది కనుక గీత దాటినా వేరే దేశాలు ఫిర్యాదుకు ఎక్కకుండా 2013 బాలి సమావేశమిచ్చిన 'శాంతి నిబంధన'ను అడ్డుపెట్టుకుంది. 2017కల్లా వస్తుందన్న శాశ్వత పరిష్కారం 2024 అబుదాబిలోనూ తేలలేదు.

ప్రపంచ వాణిజ్య సంస్థలో అన్ని దేశాలూ సమానమేనని అంటారు. కాగితం మీద నిజమే. కానీ ఏకాభిప్రాయం పేరుతో పాత నియమాన్ని మార్చాలంటే అందరి సమ్మతీ కావాలి. అది అలాగే సాగడానికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు.

మనమేమీ కడిగిన ముత్యాలం కాదు. 2023 జూలైలో బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతులను ఉన్నపళంగా నిషేధించినప్పుడు, మన బియ్యం మీద ఆధారపడ్డ ఆఫ్రికా దేశాలను ఎవరడిగారు? ఇక దేశంలో సంగతి చూస్తే, వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోని అంశం, అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం కేంద్రానిది. జెనీవాకు బృందం బయలుదేరే ముందు ఒప్పంద ముసాయిదా హైదరాబాద్, అమరావతి శాసనసభల్లో చర్చకు రావాలని కోరడం అత్యాశేమీ కాదు. జెనీవాలో 'మా రైతులు' అని వాదించే వారి లెక్కలో, పట్టా లేక భూయజమాని పేరు మీద ధాన్యం అమ్ముకునే కౌలు రైతు ఉన్నాడా అన్నది అప్పుడైనా ఎవరో ఒకరు అడుగుతారు.