పాటపిట్టను ఎంచుకున్న పిల్లలకు

ఈ మధ్య ఉత్తర అమెరికాలో మన తెలుగు పిల్లల వేసవి శిబిరాల్లోకి కూడా టోటెమ్ కార్డుల ఆట వచ్చింది. టోటెమ్ అంటే మనిషికో వంశానికో గుర్తుగా ఉండే జంతువు. నాలుగు ప్రశ్నలకు జవాబులు చెబితే ఒక్కొక్కరి చేతికి ఒక్కో జంతువు బొమ్మ వస్తుంది. తోడేలు వస్తే నాయకత్వం, ఎలుగుబంటి వస్తే ధైర్యం, చిన్న పాటపిట్ట వస్తే ఆనందం, సౌమ్యం, మాటలో తీపి. మా అమ్మాయికి పిట్ట వచ్చింది, ఎంతో సంతోషపడింది. ఏ పిట్ట అని అడిగాను. కార్డు మీద పాటపిట్ట అని తప్ప ఇంకేమీ లేదు. ఎక్కడ ఉంటుందో, ఏం తింటుందో, ఎవరికోసం పాడుతుందో ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా మా అమ్మాయి స్వభావం గురించే.

నా అభ్యంతరమంతా అక్కడే. పిట్టలో దైవాన్ని చూడటం మీద నాకు అభ్యంతరం లేదు. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకు అది ఉండదు కూడా. గరుడాద్రి నీడలో ఉన్న ఊరు మాది. పక్కనే ఉన్న శ్రీకాళహస్తి పేరులోనే సాలెపురుగు, పాము, ఏనుగు ఉన్నాయి. అయితే ఆ మూడూ ఎవరి గుణానికీ గుర్తులు కావు. ఎవరి పూజ వారు చేసుకుని ముక్తి పొందిన భక్తులు. జీవిని దాని మానాన దాన్ని నిలబెట్టి నమస్కరించడం మా వైపు పద్ధతి. దాన్ని పూర్తిగా మన గురించిన కబురుగా మార్చేస్తే మిగిలేది బొమ్మే.

టోటెమ్ భావన కూడా మొదట ఇలా లేదు. అమెరికా, కెనడాల నడుమ ఉన్న మహాసరస్సుల చుట్టూ నివసించే ఒజిబ్వే ప్రజలది అది. తండ్రి నుంచి సంక్రమించే వంశం. కొంగ వంశం, ఎలుగు వంశం అంటూ వంశాలు ఉంటాయి, ఒకే వంశంవారు పెళ్ళి చేసుకోరు. మన గోత్రం ఇంటిపేర్ల సంగతి తెలిసినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు. గోత్రాన్ని ఎవరూ నాలుగు ప్రశ్నలకు జవాబులిచ్చి ఎంచుకోరు. 1791లో జాన్ లాంగ్ అనే వర్తకుడు తన ప్రయాణాల పుస్తకంలో దీన్ని ఒక్కొక్క మనిషినీ కనిపెట్టుకుని ఉండే ఇష్టదేవతగా వర్ణించాడు. వంశానికి చెందినదాన్ని వ్యక్తికి కట్టబెట్టిన ఆ పొరపాటు ఇప్పటి కార్డుల దాకా సాగి వచ్చింది. మిచిగన్‌లో, మినెసోటాలో, ఒంటారియోలో ఇళ్ళు కట్టుకున్న మనం ఆ ప్రజలకు ఇరుగుపొరుగువాళ్ళం. వాళ్ళ ఆచారాన్ని ఆటగా ఆడేముందు ఈ మాత్రం తెలుసుకోవడం మర్యాద.

ఇక మన చిన్న పిట్ట దగ్గరికి వస్తాను. బ్రహ్మోత్సవాల్లో స్వామి హంస మీద ఊరేగుతాడు, గరుడుడి మీద ఊరేగుతాడు. పిగిలిపిట్టకు (బుల్‌బుల్), తేనెపిట్టకు, నల్లంచికి వాహనసేవ లేదు. వాటి చోటు తెల్లవారుజాము. ధనుర్మాసం నెలపొడుగునా తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై పాశురాలతో స్వామిని మేల్కొలుపుతారు. ఆరో పాశురంలో తిరుప్పావై రాసిన ఆండాళ్ (గోదాదేవి) ఇంకా పడుకునే ఉన్న చెలికత్తెను పక్షులు కూస్తున్నాయి, వినలేదా అని లేపుతుంది. ఏడో పాశురంలో ఆ పక్షులు కీచుకీచుమంటూ ఒకదానితో ఒకటి కలిసి మాట్లాడుకుంటుంటే నీకింకా నిద్రేనా అని గద్దిస్తుంది. వైష్ణవ వ్యాఖ్యాతలు ఇక్కడ పక్షి అంటే ఆచార్యుడు అన్నారు. దాని రెండు రెక్కల్లో ఒకటి జ్ఞానం, రెండోది అనుష్ఠానం. తెలిసినదాన్ని ఆచరించని గురువు ఒంటిరెక్క పక్షి అన్నమాట.

ఇంత పెద్ద స్థానాన్ని ఇచ్చింది ఏ రాజహంసకో కాదు, చెట్టు మీద కీచుకీచుమనే మామూలు పిట్టలకు. పైగా ఆ పిట్టలు పడుకున్న అమ్మాయితో నువ్వు సౌమ్యురాలివనీ, నీ గొంతు తీయనిదనీ చెప్పవు. లేవమంటాయి. బయట నిలబడి ఉన్న తోటివాళ్ళలో కలవమంటాయి. తిరుప్పావై అంతా ఒక్కరుగా కాక అందరూ కలిసి వెళ్ళడం గురించే. చిన్న పిట్టకు ఆధ్యాత్మికంగా ఏదైనా అర్థం ఉందంటే నేను నమ్మేది ఇదే: అది మనల్ని మన నుంచి బయటికి పిలుస్తుంది.

రాజుగా ఉండి విష్ణుభక్తుడైన కులశేఖరాళ్వారు కూడా అలాగే అడిగాడు. రాజ్యం, ఈ మానవదేహం వద్దు, వేంకటాద్రి కోనేటిలో పక్షిగా పుట్టినా చాలు అన్నాడు. ఆయన కోరింది పాటపిట్ట జన్మ కాదు, నీటి ఒడ్డున తిరిగే కొంగజాతి పక్షి జన్మ. ఆ పక్షి గుణం తనకు కావాలని కాదు, అది ఉన్న చోటు కావాలని. తర్వాతి పాటలో చేపగా పుట్టాలంటాడు. రెక్కలున్న పక్షి ఎగిరిపోవచ్చు కదా, అందుకే కోరిక మార్చుకున్నాడని పెద్దలు చెబుతారు. అలా మార్చుకుంటూ మార్చుకుంటూ గుడి గడపగా పడి ఉండాలన్నాడు. గర్భాలయం ముందున్న ఆ గడపను ఇప్పటికీ కులశేఖర పడి అంటారు.

తిరుపతిలో మా ఇంటి మల్లెపందిరిలో ఒక వేసవిలో పిగిలిపిట్టల జంట గూడు కట్టింది. తల నల్లగా, నెత్తిన చిన్న జుట్టు, ఒంటి మీద పొలుసుల్లాంటి గీతలు, తోక మొదట్లో అడుగున ఎర్రటి మచ్చ. ఎండుగడ్డి, సన్నటి వేళ్ళు తెచ్చి, సాలెగూళ్ళ పోగులతో అతికించి, గుప్పెడంత గిన్నె కట్టాయి. లేత గులాబి రంగు గుడ్ల మీద చిందరవందరగా ఎర్ర చుక్కలు. పిల్లలు అయ్యాక చూడాలి వాటి జాగ్రత్త. ముక్కున ఆకుపురుగును కరచుకుని వచ్చిన తల్లి నేరుగా గూటికి వెళ్ళేది కాదు. ముందు కరెంటు తీగ మీద వాలి, తల అటూ ఇటూ తిప్పి, పిల్లి లేదని తేల్చుకున్నాకే పందిరిలో దూరేది. తిరిగి వెళ్ళేటప్పుడు పిల్లల రెట్టను ముక్కుతో ఎత్తుకుని దూరంగా పారేసి వచ్చేది. మల్లెలు విరగబూసే రోజులవి. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా మా అమ్మ పందిరికి ఆ వైపున పూలు కోయలేదు, ఎవరినీ కోయనివ్వలేదు. దేవుడికి ఈ వైపు పూలు చాలు అనేది.

పిట్టను తన చిహ్నంగా పెట్టుకోవడమంటే ఏమిటో నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ అది. చిహ్నం అనేది వంశంలో ఉన్నప్పుడు దానితోపాటు నియమం కూడా ఉండేది. కొన్ని తెగల్లో దాన్ని చంపకూడదు, తినకూడదు. కార్డుల్లో ఆ రెండో సగం ఎగిరిపోయింది. పిట్ట మనకు ఆనందం ఇస్తుందని ఉంది, మనం పిట్టకు ఏమివ్వాలో లేదు.

సౌమ్యం అన్న మాట కూడా పిగిలిపిట్టకు అతకదు. అది గట్టి పోట్లాటకోరు. ఒకప్పుడు మన దేశంలో వాటిని పట్టి, దారం కట్టి, పందేలకు దింపేవారు. ఫిజీ దీవులకు దాన్ని 1903 ప్రాంతంలో భారతీయ కూలీలు తీసుకెళ్ళారంటారు. మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకు కూలీల ఓడలు మొదలైంది ఆ ఏడాదే. ఆ ఓడలెక్కినవారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్ళు చాలామంది. ఆ జిల్లాకు అప్పట్లో కేంద్రం మన చిత్తూరు. ఇల్లు వదిలి సముద్రం దాటుతున్న మనిషి గొంతు తెలిసిన పిట్టను వెంట పెట్టుకుపోవడాన్ని తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. కానీ ఆ పిట్ట ఫిజీలో, తాహితిలో, హవాయిలో పండ్ల తోటలను పాడుచేసింది, కలుపు విత్తనాలను చల్లింది, స్థానిక పక్షుల చోట్లు ఆక్రమించింది. కొత్త నేలల మీద అత్యంత హానికరమైన వంద జీవుల జాబితాలో అదీ ఉంది. హ్యూస్టన్‌లో ఉన్న మనవాళ్ళు పెరట్లో దాన్ని చూసే ఉంటారు, అక్కడా స్థిరపడింది. ఈ కథ మొత్తం పిల్లలకు చెప్పాలి. వలస వెళ్ళినవారికి పనికొచ్చే ఆలోచన అందులో ఉంది, ఆనందం, సౌమ్యం అన్న రెండు ముక్కల్లో లేదు.

కార్డుల్లో లేని ఇంకో సంగతి పాట గురించి. పాటపిట్టల పిల్లలు పాటతో పుట్టవు, పెద్దవాటిని విని నేర్చుకుంటాయి. 1950ల్లో కేంబ్రిడ్జిలో విలియం థార్ప్ అనే శాస్త్రవేత్త చాఫించ్ పిల్లలను పెద్ద పక్షుల పాట వినబడకుండా పెంచి చూశాడు. అవి పాడాయి, కానీ ఆ పాటకు సరైన రూపం రాలేదు. నేర్వగలిగే వయసు ఒకటుంటుంది, అందులో వినాలి. విన్న తర్వాత కూడా పిల్లపిట్ట వెంటనే పాడలేదు. చాలాకాలం గొణుగుతుంది, తప్పుతుంది, మళ్ళీ అందుకుంటుంది. ఆదివారం తెలుగు బడి నడిపే మన ఉపాధ్యాయులకు ఇది నేను వివరించాలా?

ఇదంతా పిల్లల ఆట, ఇంత పట్టింపు ఎందుకు అని మిత్రులొకరు అన్నారు. ఆట కాబట్టే పట్టింపు. ఆటలో నేర్చుకున్నదే ఒంటికి పడుతుంది. ఇక పెద్దల విషయం వేరు. ఇక్కడ కిటికీ దగ్గర ఎర్రటి కార్డినల్ పిట్ట వాలితే పోయినవాళ్ళు పలకరించడానికి వచ్చారని చాలామంది నమ్ముతారు. అమ్మానాన్నలను దూరాన పోగొట్టుకున్న మనవాళ్ళలో కొందరికి ఆ నమ్మకం ఊరట ఇచ్చిందని నాకు తెలుసు. కాకికి పిండం పెట్టి అది ముట్టేదాకా ఎదురుచూసే మనం ఆ మాటను తేలికగా తీసేయలేం, తీసేయకూడదు. అక్కడ కూడా చూడండి, కాకి కోసం మనం అన్నం వండి ఎదురుచూస్తున్నాం. ఇచ్చిపుచ్చుకోవడం ఉంది.

మా కొండలకే చెందిన ఒక పిట్ట ఉంది. కొండ పొదపిగిలి. గొంతు పసుపు, ఒళ్ళు బూడిద రంగు. దక్షిణ భారతంలో బండరాళ్ళు, ముళ్ళపొదలు ఉన్న గుట్టల మీద తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. శేషాచలంలో, తలకోన వైపు, హార్సిలీ కొండల మీద కనిపిస్తుంది. అంతరించే ముప్పున్న పక్షుల అంతర్జాతీయ జాబితాలో ఉంది. శేషాచలం 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం కాబట్టి అక్కడ దానికి కొంత భరోసా ఉంది. రక్షణ లేని గుట్టను రాయి కోసం తవ్వేస్తే ఆ పిట్ట ఊళ్ళోకి వచ్చి మల్లెపందిరిలో బతకలేదు. మన సంఘానికి ఒక పిట్ట గుర్తు కావాలంటే నేను దీన్నే అడుగుతాను. దానితోపాటు దాని గుట్టల గురించి పట్టించుకునే నియమాన్ని కూడా సంఘం తలకెత్తుకోవాలి.

డిసెంబరు సెలవుల్లో మనలో చాలా కుటుంబాలు తిరుపతి వెళ్తాయి, సరిగ్గా ధనుర్మాసం నడుస్తుంటుంది. దర్శనం టికెట్ల హడావుడిలో ఒక్క ఉదయం పిల్లల కోసం ఉంచండి. కపిలతీర్థం దగ్గరైనా సరే, శ్రీవారి మెట్టు దారిలోనైనా సరే, తెల్లవారేసరికి అక్కడ ఉండండి. పంజరాల్లో అడవి పిట్టలు అమ్మేవాళ్ళు ఎక్కడైనా కనిపిస్తే, పుణ్యానికి వదిలేద్దామని కూడా కొనకండి. మన పిట్టలను పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, మీరు కొన్న ప్రతి పిట్ట చోటికీ మరో పిట్టను పట్టి తెస్తారు. పిల్లలు చూసిన పిట్టల పేర్లు ఇంట్లో అవ్వనో తాతనో అడిగి తెలుగులో రాయించండి. ఏ పిట్ట ఏ చెట్టు మీద ఏం చేస్తూ కనిపించిందో రెండు వాక్యాలు చాలు. వాటిని ఉగాది సంచికలో పిల్లల పేజీలో వేయమని సంపాదకులను ఇందుమూలంగా కోరుతున్నాను. వచ్చే వేసవి శిబిరంలో కార్డుల స్థానంలో ఆ పేజీలనే పంచుదాం.